బాక్సింగ్ శిక్షణలో చేరిన కౌమారులకు ఆహారం: బరువు కన్నా ఎదుగుదల ముఖ్యం

నిజామాబాద్‌కు చెందిన నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలోనూ, 2023లో న్యూఢిల్లీలో 50 కిలోల విభాగంలోనూ ప్రపంచ విజేతగా నిలిచారు. అదే పట్టణానికి చెందిన మహమ్మద్ హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్‌లో జరిగిన ప్రపంచ పోటీల్లో 57 కిలోల విభాగంలో కాంస్య పతకం సాధించారు. ఇటువంటి విజయాలు చిన్న పట్టణాల పిల్లలను, వారి తల్లిదండ్రులను ఈ క్రీడ వైపు చూసేలా చేశాయి. అయితే ఈ వార్తలన్నింటిలో క్రీడాకారుల పేరు పక్కనే కిలోల అంకె కనిపిస్తుంది. అందువల్ల శిక్షణలో చేరిన 14, 15 ఏళ్ల పిల్లలు అడుగులు వేయడం, దెబ్బ కాచుకోవడం నేర్చుకోక ముందే తమ బరువు గురించి ఆలోచించడం మొదలుపెడతారు. తక్కువ బరువు విభాగంలో ఆడితే గెలుపు సులభమన్న మాట వారి చెవిన పడుతుంది. తిండి తగ్గించడం అక్కడే ప్రారంభమవుతుంది.

శాస్త్రీయంగా చూస్తే ఈ వయసులో జరగవలసింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. శిక్షణ మొదలైన రోజు నుంచి పిల్లల ఆహారం పెరగాలి. ఆ పెరిగే భాగాన్ని కొనుక్కునే పొడులతో నింపవలసిన అవసరం లేదు. తెలుగు ప్రాంతాల పొలాల్లో, పెరళ్లలో, పాడిలో లభించే పదార్థాలే ఇందుకు సరిపోతాయి.

ఎదిగే శరీరానికి రెండు ఖర్చులు

కౌమారదశ శరీరం అత్యంత వేగంగా ఎదిగే కాలాల్లో ఒకటి. ఎత్తు, కండర పరిమాణం, రక్త పరిమాణం, ఎముకల సాంద్రత ఒకేసారి పెరుగుతాయి. పెద్దయ్యాక ఉండే ఎముకల ద్రవ్యరాశిలో అధిక భాగం ఈ దశ ముగిసేసరికే ఏర్పడుతుంది. ఈ నిర్మాణానికి అయ్యే శక్తి మొదటి ఖర్చు. శిక్షణకు అయ్యే శక్తి రెండవ ఖర్చు.

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వెలువరించిన ప్రమాణాల ప్రకారం మధ్యస్థ శారీరక శ్రమ చేసే 13–15 ఏళ్ల బాలురకు రోజుకు 2860 కిలో కేలరీలు, బాలికలకు 2400 కిలో కేలరీలు అవసరం. 16–18 ఏళ్ల వయసులో బాలురకు 3320, బాలికలకు 2500 కిలో కేలరీలు కావాలి. ఇవి సగటు అంకెలు. శరీర బరువును, రోజువారీ శ్రమను బట్టి మారుతాయి. 50 కిలోల బరువున్న బాలుడు తాడాట, షాడో బాక్సింగ్, బ్యాగుపై సాధన కలిపి గంటన్నర సేపు చేస్తే సుమారు 350–400 కిలో కేలరీలు అదనంగా ఖర్చవుతాయి. అంటే రెండు అరటిపండ్లు, ఒక గ్లాసు పాలు, ఒక చిన్న గుప్పెడు వేరుశనగ గింజలు కలిపితే వచ్చే శక్తికి ఇంచుమించు సమానం. అంకె పెద్దది కాదు. కానీ అది రోజూ అందకపోతే ఆ లోటును శరీరం ఎదుగుదల ఖాతా నుంచి తీసుకుంటుంది.

శక్తి చాలనప్పుడు శరీరం చేసే పొదుపు

శిక్షణకు ఖర్చయిన శక్తి పోగా మిగిలినదే గుండె, మెదడు, హార్మోన్లు, ఎముకలు, రోగనిరోధక వ్యవస్థ పనిచేయడానికి దొరుకుతుంది. ఈ మిగులు చాలా కాలం పాటు తక్కువగా ఉన్నప్పుడు తలెత్తే సమస్యల సముదాయాన్ని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు 2014లో ‘క్రీడలో సాపేక్ష శక్తి లోపం’ అన్న పేరుతో గుర్తించారు. 2018లోనూ, 2023లోనూ ఆ ప్రకటనను సవరించారు.

శక్తి చాలనప్పుడు శరీరం తక్షణ ప్రాణావసరం లేని పనులను ముందుగా తగ్గిస్తుంది. ఎత్తు పెరగడం మందగిస్తుంది. బాలికల్లో నెలసరి క్రమం తప్పుతుంది, కొందరిలో ఆగిపోతుంది. ఎముకల్లో సన్నని పగుళ్లు ఏర్పడే అవకాశం పెరుగుతుంది. తరచూ జలుబు, జ్వరం వస్తాయి. చిరాకు, నిద్రలేమి, చదువుపై ఏకాగ్రత తగ్గడం కనిపిస్తాయి. శిక్షణ ఎంత చేసినా బలం పెరగదు. నెలసరి ఆగిపోవడాన్ని కఠిన శిక్షణకు గుర్తుగా భావించడం పొరపాటు. అది వైద్యులను సంప్రదించవలసిన హెచ్చరిక.

ఈ స్థితిలో పిల్లలు తప్పనిసరిగా బక్కచిక్కి కనిపించాలన్న నియమం లేదు. శరీరం తన ఖర్చులను కుదించుకోవడం వల్ల బరువు స్థిరంగా ఉండి కూడా లోపం కొనసాగవచ్చు. కనుక తూకం యంత్రం ఒక్కటే ఆరోగ్యానికి కొలమానం కాదు.

బరువు విభాగాల ఉచ్చు

కొన్ని బరువు విభాగాల మధ్య తేడా కేవలం 2 కిలోలు. ఎదిగే వయసులో పిల్లల బరువు ఒక్క ఏడాదిలోనే అంతకు రెట్టింపు పెరగవచ్చు. ఇది సహజం, అవసరం కూడా. 15వ ఏట 48 కిలోల విభాగంలో ఆడిన బాలుడు 16వ ఏట అదే విభాగంలో ఉండాలని కోరుకోవడం అంటే ఆ ఏడాది అతను ఎదగకూడదని కోరుకోవడమే. పిల్లల ఎదుగుదలను బట్టి విభాగాన్ని మార్చాలి గాని, విభాగాన్ని బట్టి ఎదుగుదలను ఆపకూడదు.

పోటీకి రెండు మూడు రోజుల ముందు భోజనం మానడం, నీరు తాగకపోవడం, ప్లాస్టిక్ దుస్తులు వేసుకుని ఎండలో పరుగెత్తడం, ఉమ్మివేస్తూ ఉండడం, విరేచన మాత్రలు మింగడం వంటి పద్ధతులు బరువు విభాగాలున్న క్రీడలన్నింటినీ వేధిస్తున్నాయి. ఈ పద్ధతుల్లో తగ్గేది ప్రధానంగా నీరు, కండరాల్లో నిల్వ ఉన్న గ్లైకోజన్. కొవ్వు తగ్గేది స్వల్పం. ప్రతి గ్రాము గ్లైకోజన్‌తో పాటు సుమారు 3 గ్రాముల నీరు నిల్వ ఉంటుంది. అందువల్లనే ఒక్క రోజులో బరువు తగ్గినట్లు కనిపిస్తుంది. కానీ బరిలో కాళ్లను కదిలించే ఇంధనం కూడా అదే.

ఈ పద్ధతుల ప్రమాదం ఎంతటిదో అమెరికాలో 1997 నవంబరు, డిసెంబరు నెలల్లో తెలిసివచ్చింది. దాదాపు నెల రోజుల వ్యవధిలో ముగ్గురు కళాశాల కుస్తీ క్రీడాకారులు పోటీకి బరువు తగ్గే ప్రయత్నంలో శరీరంలో వేడి పెరిగి, నీరు ఇంకిపోయి మరణించారు. ఆ తరువాతే అక్కడి కళాశాల కుస్తీ పోటీల్లో బరువు తూచే నియమాలను మార్చారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో భారత కుస్తీ క్రీడాకారిణి వినేశ్ ఫోగట్ రాత్రంతా శ్రమించినా ఫైనల్ నాటి ఉదయం 50 కిలోల కన్నా 100 గ్రాములు అధికంగా తూగి అనర్హత పొందిన సంగతి తెలిసిందే. నిపుణుల బృందం వెంట ఉన్న వయోజన క్రీడాకారులకే ఇంత కష్టమైన పని, ఏ పర్యవేక్షణా లేని పాఠశాల విద్యార్థులకు మరింత ప్రమాదకరం.

బాక్సింగ్‌లో దీనికి తోడు మరొక అంశం ఉంది. ఇది తలకు దెబ్బలు తగిలే క్రీడ. ఆ కారణంగానే అమెరికా, కెనడా శిశువైద్యుల సంఘాలు పిల్లలు, కౌమారులు ఈ క్రీడలో పాల్గొనడాన్ని వ్యతిరేకిస్తూ 2011లో ప్రకటన చేశాయి. ఏ ఆహారమూ తలను దెబ్బ నుంచి కాపాడదు. కానీ నీరు ఇంకిపోయి, ఆకలితో నీరసించిన పిల్లలు దెబ్బను ఆలస్యంగా గమనిస్తారు, ఆలస్యంగా కాచుకుంటారు. కనుక బరిలోకి దిగే పిల్లలకు కడుపు నిండుగా ఆహారం అందడం భద్రతకు సంబంధించిన విషయం కూడా.

అన్నం శత్రువు కాదు

15–16 ఏళ్ల వారి పోటీలో 2 నిమిషాల చొప్పున 3 రౌండ్లు, వాటి మధ్య ఒక్కో నిమిషం విశ్రాంతి ఉంటాయి. వరుసగా దెబ్బలు విసిరే క్షణాల్లో కండరాలు గ్లైకోజన్‌ను వేగంగా వాడుకుంటాయి. గ్లైకోజన్ పిండి పదార్థాల నుంచి తయారవుతుంది. బరువు పెరుగుతుందన్న భయంతో మొదట మానేసేది అన్నమే కావడం వల్ల శిక్షణ మధ్యలోనే అలసట వస్తుంది.

రోజుకు గంట పాటు మధ్యస్థ శిక్షణ పొందేవారికి ప్రతి కిలో శరీర బరువుకు 5–7 గ్రాముల పిండి పదార్థాలు సూచిస్తారు. 50 కిలోల వ్యక్తికి ఇది 250–350 గ్రాములు. వరి, జొన్న, రాగి, సజ్జ, చిలగడదుంప, అటుకులు, అరటిపండు ద్వారా దీనిని సులభంగా పొందవచ్చు. ఒక పూట వరి, మరొక పూట జొన్న లేదా సజ్జ తీసుకుంటే పీచు పదార్థం, ఖనిజ లవణాలు కూడా అందుతాయి. అయితే పీచు అధికంగా ఉన్న చిరుధాన్యాలను శిక్షణకు వెంటనే ముందు కాకుండా, తరువాతి భోజనంలో చేర్చడం మంచిది. శిక్షణకు ముందు త్వరగా జీర్ణమయ్యే అరటిపండు, అటుకులు, ఇడ్లీ వంటివి అనుకూలం.

మాంసకృత్తులు: పొడి డబ్బా కన్నా పప్పు డబ్బా మేలు

2020 ప్రమాణాల ప్రకారం 13–15 ఏళ్ల బాలురకు రోజుకు 45 గ్రాములు, బాలికలకు 43 గ్రాములు, 16–18 ఏళ్ల బాలురకు 55 గ్రాములు, బాలికలకు 46 గ్రాముల మాంసకృత్తులు అవసరం. క్రమబద్ధంగా శిక్షణ పొందేవారికి ప్రతి కిలో బరువుకు 1.2 నుంచి 2 గ్రాముల వరకు సూచిస్తారు. కొత్తగా చేరినవారికి ఈ శ్రేణిలో మధ్య స్థాయి సరిపోతుంది. 50 కిలోల వ్యక్తికి 60–80 గ్రాములు లక్ష్యంగా పెట్టుకోవచ్చు.

100 గ్రాముల కందిపప్పులో, శనగపప్పులో సుమారు 22 గ్రాములు, పెసరపప్పులో, వేరుశనగలో సుమారు 24 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఒక గుడ్డు నుంచి 6–7 గ్రాములు, ఒక గ్లాసు పాల నుంచి సుమారు 7 గ్రాములు లభిస్తాయి. ధాన్యాల్లో లైసిన్ అనే ఆమైనో ఆమ్లం తక్కువ. పప్పుల్లో అది సమృద్ధిగా ఉండి, గంధకం గల ఆమైనో ఆమ్లాలు తక్కువగా ఉంటాయి. రెండింటినీ కలిపి తిన్నప్పుడు ఒకదాని కొరత మరొకటి తీరుస్తుంది. 3 వంతుల ధాన్యానికి ఒక వంతు పప్పు, రెండున్నర వంతుల పాలు చేరితే మాంసకృత్తుల నాణ్యత మెరుగుపడుతుందని జాతీయ పోషకాహార సంస్థ సూచిస్తుంది.

మార్కెట్‌లో దొరికే పాల విరుగుడు పొడి ఒక కొలతలో సాధారణంగా 20–25 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. రెండు గుడ్లు, ఒక గ్లాసు పాల నుంచి కూడా దాదాపు 20 గ్రాములు వస్తాయి. వాటితో పాటు కాల్షియం, విటమిన్ బి12 కూడా అందుతాయి. కండలు పెంచుకోవడానికి మాంసకృత్తుల పొడులు వాడవద్దని 2024లో వెలువడిన భారతీయుల ఆహార మార్గదర్శకాలు స్పష్టంగా చెప్పాయి. కొన్ని పొడుల్లో లేబుల్‌పై చూపని నిషిద్ధ పదార్థాలు కలిసి ఉండే ప్రమాదం ఉంది. డోపింగ్ పరీక్షలో అవి బయటపడితే, తెలియక తీసుకున్నప్పటికీ బాధ్యత క్రీడాకారులదే.

ఇనుము, కాల్షియం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల బాలికల్లో 59.1 శాతం, బాలురలో 31.1 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. రక్తంలో హిమోగ్లోబిన్ తగ్గితే కండరాలకు ఆక్సిజన్ సరిగా అందదు. రౌండ్ల మధ్య ఆ ఒక్క నిమిషంలో తేరుకునే శక్తి తగ్గుతుంది. శిక్షకులు దానిని బద్ధకంగా, పట్టుదల లేకపోవడంగా పొరబడే అవకాశం ఉంది. కనుక శిక్షణలో చేరేటప్పుడే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి.

13–15 ఏళ్ల బాలికలకు రోజుకు 30 మిల్లీగ్రాములు, బాలురకు 22 మిల్లీగ్రాముల ఇనుము అవసరం. సజ్జలు, ఉలవలు, అలసందలు, తోటకూర, మాంసం, చేపలు, కాలేయం ఇనుమునిచ్చే ఆహారాలు. శాకాహారంలోని ఇనుము శరీరానికి తక్కువగా అందుతుంది. భోజనంతో పాటు నిమ్మరసం, ఉసిరి, జామ తీసుకుంటే అది మెరుగుపడుతుంది. భోజనం చేసిన వెంటనే టీ, కాఫీ తాగితే తగ్గుతుంది. పాఠశాలల్లో వారానికొకసారి ఇచ్చే ఇనుము–ఫోలిక్ ఆమ్లం మాత్రను, ఏడాదికి రెండుసార్లు ఇచ్చే నులిపురుగుల మాత్రను క్రీడాకారులైన పిల్లలు తప్పకుండా వేసుకోవాలి.

ఈ వయసులో రోజుకు 1000–1050 మిల్లీగ్రాముల కాల్షియం కావాలి. 100 గ్రాముల రాగుల్లో సుమారు 364 మిల్లీగ్రాములు, ఒక గ్లాసు పాలలో సుమారు 240 మిల్లీగ్రాములు ఉంటుంది. పాలతో కాచిన రాగిజావ ఈ అవసరంలో మూడో వంతును తీరుస్తుంది.

నీరు

శరీర బరువులో 2 శాతం నీరు చెమటగా పోతేనే చురుకుదనం తగ్గుతుంది. 50 కిలోల వ్యక్తికి ఇది ఒక లీటరు మాత్రమే. తెలుగు ప్రాంతాల వేసవిలో గాలి ఆడని గదిలో సాధన చేస్తే గంటలోపే అంత చెమట పట్టవచ్చు. శిక్షణకు ముందు, తరువాత బరువు చూసుకుంటే ఎంత నీరు పోయిందో తెలుస్తుంది. తగ్గిన ప్రతి కిలోకు ఒకటింపావు నుంచి ఒకటిన్నర లీటర్ల ద్రవం తరువాతి కొన్ని గంటల్లో నెమ్మదిగా తాగాలి. మంచినీరు, ఉప్పు కలిపిన మజ్జిగ, ఉప్పు–చక్కెర కలిపిన నిమ్మరసం సరిపోతాయి. కెఫీన్ ఉన్న శక్తి పానీయాలు ఈ వయసువారికి తగవు.

ఒక శిక్షణ రోజు ఆహారం: నమూనా

పాఠశాలకు వెళ్లే పిల్లలకు అసలు ఇబ్బంది మధ్యాహ్న భోజనానికి, సాయంత్రం శిక్షణకు మధ్య ఉండే నాలుగు గంటల ఖాళీ. ఆకలితో బరిలోకి దిగి, రాత్రి ఒకేసారి ఎక్కువగా తినడం సాధారణంగా జరుగుతుంది. సాయంత్రం 5 నుంచి 6.30 వరకు శిక్షణ పొందే 50 కిలోల బాలుడికి కింది నమూనా ఉపయోగపడుతుంది. పదార్థాల తూకాలు వండకముందువి.

ఉదయం 7.30: పెసరట్టు (పెసలు 60 గ్రాములు), ఉప్మా (రవ్వ 40 గ్రాములు), ఒక గ్లాసు పాలు.

మధ్యాహ్నం 1.00: అన్నం (బియ్యం 150 గ్రాములు), ఆకుకూర పప్పు (కందిపప్పు 30 గ్రాములు), ఉడికించిన గుడ్డు, కూరగాయల కూర, ఒక కప్పు పెరుగు, జామకాయ.

సాయంత్రం 4.00: ఒక అరటిపండు, బెల్లం కలిపిన అటుకులు 40 గ్రాములు, నీరు.

సాయంత్రం 6.45: పాలతో కాచిన రాగిజావ (రాగి పిండి 30 గ్రాములు, పాలు ఒక గ్లాసు, బెల్లం 15 గ్రాములు), వేయించిన వేరుశనగ గింజలు 30 గ్రాములు.

రాత్రి 8.30: జొన్న రొట్టెలు (పిండి 120 గ్రాములు), అలసందల కూర (40 గ్రాములు), కూరగాయలు, ఒక కప్పు పెరుగు.

వంటకు వాడే నూనెతో కలిపి దీని నుంచి సుమారు 3000 కిలో కేలరీలు, 90 గ్రాములకు పైగా మాంసకృత్తులు లభిస్తాయి. పొడి ఒక్క చెంచా కూడా లేకుండానే సూచించిన లక్ష్యం దాటుతుంది. గుడ్డు తినని కుటుంబాలు దాని బదులు పన్నీరు లేదా సోయా, మాంసాహారులు వారానికి రెండు మూడుసార్లు చేప లేదా కోడిమాంసం చేర్చుకోవచ్చు. బాలికలకు ధాన్యం పరిమాణం కొంత తగ్గినా పప్పు, ఆకుకూర, పాలు తగ్గకూడదు. ఆకలి ఇంకా ఉంటే మరో రొట్టె తినడం తప్పు కాదు. ఈ వయసులో ఆకలి నమ్మదగిన సూచిక.

పోటీ రోజున కొత్త పదార్థాలు ప్రయత్నించకూడదు. ఉదయం బరువు చూసిన తరువాత ఇడ్లీ, అరటిపండు వంటి అలవాటైన తేలిక ఆహారం, చాలినంత నీరు తీసుకోవాలి. పోటీలు జరిగే ఊళ్లలో దొరికేది అనుకూలంగా ఉండకపోవచ్చు కనుక అటుకులు, వేరుశనగ చిక్కీ, అరటిపండ్లు వెంట తీసుకువెళ్లడం మంచిది.

విస్తరణ సిబ్బంది చేయగలిగినది

కృషి విజ్ఞాన కేంద్రాల్లోని గృహ విజ్ఞాన శాస్త్రవేత్తలు పోషక పెరటి తోటలు, చిరుధాన్యాల విలువ జోడింపు గురించి మహిళా సంఘాలకు ఇప్పటికే శిక్షణ ఇస్తున్నారు. ఆ పరిజ్ఞానాన్ని క్రీడా శిక్షణ కేంద్రాలకు, గురుకులాలకు చేర్చడానికి కొత్త వ్యవస్థ అవసరం లేదు. సంఘాలు తయారుచేసే రాగి పిండి, చిక్కీ, వేయించిన శనగలను శిక్షణ అనంతర చిరుతిండిగా ఆ కేంద్రాలకు అందించే ఏర్పాటు చేస్తే పిల్లలకు పోషణ, సంఘాలకు స్థిరమైన కొనుగోలుదారు లభిస్తాయి.

శిక్షకులతో కలిసి ప్రతి బిడ్డకూ ఒక చిన్న నమోదు పుస్తకం పెట్టాలి. అందులో నెలకొకసారి ఎత్తు, బరువు, ఆరు నెలలకొకసారి హిమోగ్లోబిన్ నమోదు చేయాలి. బాలికల నెలసరి వివరాలను మహిళా సిబ్బంది మాత్రమే, గోప్యంగా తెలుసుకోవాలి. పిల్లల బరువును అందరి ముందు గట్టిగా చదవకూడదు. మూడు నెలల పాటు ఎత్తు, బరువు రెండూ కదలకపోతే శిక్షణ తీవ్రత తగ్గించి, ఆహారం పెంచి, వైద్యులకు చూపించాలి. నిజంగా అధిక బరువున్న పిల్లల విషయంలో కూడా పోటీలు లేని నెలల్లో, నిపుణుల పర్యవేక్షణలో మాత్రమే నెమ్మదిగా మార్పులు చేయాలి.

తల్లిదండ్రులకు చెప్పవలసిన సందేశం ఒక్కటే. ఏ విభాగంలో ఆడాలన్నది పోటీలకు పేర్లు నమోదు చేసే ముందు, పిల్లలు కడుపునిండా తిని, చాలినంత నీరు తాగి ఉన్నప్పటి బరువును బట్టి నిర్ణయించాలి. ఆ బరువు ఏడాదికేడాది పెరుగుతుంటే బాధపడవలసిన పని లేదు. ఒక విభాగం చేజారితే తరువాతి విభాగం ఉంటుంది. చేజారిన ఎదుగుదల వయసు మళ్లీ రాదు.